మయోగ్లోబిన్ ఆకారం మారే ఆ మైక్రోసెకండు: ఫోటోఅకౌస్టిక్కా, టెంపరేచర్ జంపా?

వేకువ
అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను, హీమ్ (మధ్యలో ఇనుము ఉన్న రంగు అణువు) ఉండే ప్రొటీన్ల మీద పని చేస్తున్నాను. కండరాల్లో ఆక్సిజన్‌ని పట్టి ఉంచే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్‌కి కార్బన్ మోనాక్సైడ్ పట్టించి లేజర్ పల్స్ కొడితే ఇనుముకీ ఆ వాయువుకీ మధ్య బంధం తెగుతుంది. ఇది రంగు మార్పులో చక్కగా తెలుస్తుంది. ఆ తర్వాత బయటికి పోయిన కార్బన్ మోనాక్సైడ్ మళ్లీ వచ్చి అంటుకునే దాకా, అంటే మిల్లీసెకండ్ల దాకా, శోషణ గ్రాఫ్ (ఎంత కాంతి పీల్చుకుంటోందో చూపేది) దాదాపు గీత గీసినట్టే ఉంటుంది. కానీ ప్రొటీన్ ఆకారం ఆ లోపే మారుతుందని మా గైడ్ అంటారు. దాన్ని పట్టుకోవాలంటే ఫోటోథర్మల్ పద్ధతులు, అంటే కాంతితో పుట్టే వేడిని వాడుకునేవి, చదవమన్నారు.

చదవడం మొదలుపెట్టాక అయోమయం పెరిగింది. టెంపరేచర్ జంప్, ఫోటోఅకౌస్టిక్ కేలరీమెట్రీ, బీమ్ డిఫ్లెక్షన్, ట్రాన్సియెంట్ గ్రేటింగ్: అన్నిట్లోనూ లేజర్ ఉంది, అన్నిట్లోనూ వేడి ఉంది. నా ప్రశ్నకి ఏది సరిపోతుంది? మా దగ్గర 532 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్, మంచి ఆసిలోస్కోప్ ఉన్నాయి.

లేజర్ గది
మంచి ప్రశ్న. ముందు ఈ పద్ధతుల్ని రెండు కుప్పలుగా విడదీసుకోండి, సగం అయోమయం పోతుంది. మొదటి కుప్పలో వేడి ప్రొటీన్‌ని కదిలిస్తుంది. రెండో కుప్పలో కదిలిన ప్రొటీన్ వదిలే వేడినే మనం కొలుస్తాం.

టెంపరేచర్ జంప్ మొదటి రకం. దీనికి మూలపురుషుడు జర్మనీకి చెందిన మాన్‌ఫ్రెడ్ ఐగెన్. ఆయన కెపాసిటర్‌లోని విద్యుత్తును ద్రావణంలోకి ఒక్కసారిగా వదిలి, మైక్రోసెకండ్లలో ఉష్ణోగ్రత పెంచి, సమతాస్థితి కొత్త చోటికి ఎలా జరుగుతుందో చూశాడు. 1967 కెమిస్ట్రీ నోబెల్‌ని ఆయన నారిష్, పోర్టర్‌లతో పంచుకున్నది ఇలాంటి అతి వేగ చర్యల అధ్యయనానికే. తర్వాత కెపాసిటర్ స్థానంలోకి లేజర్ వచ్చింది. ఎన్‌డీ యాగ్ ఇచ్చే 1064 నానోమీటర్ల కాంతిని నీరు పెద్దగా పీల్చుకోదు. అందుకని ఆ కాంతిని అధిక పీడనంలో ఉన్న హైడ్రోజన్ గొట్టం గుండా పంపుతారు. రామన్ ఎఫెక్ట్ వల్ల అది 1.9 మైక్రాన్లకి మారుతుంది. మన సి.వి. రామన్ కనిపెట్టిన ఎఫెక్టే ఇక్కడ పనిముట్టయింది, ఈ మాట రాస్తుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. ఆ కాంతిని నీరు నేరుగా పీల్చుకుని నానోసెకండ్లలో పది డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ప్రొటీన్‌కి రంగు ఉండాల్సిన అవసరమే లేదు.

మీకు మాత్రం ఇది పనికిరాదు. టెంపరేచర్ జంప్ పని చేయాలంటే ముడుచుకున్న రూపం, విప్పుకున్న రూపం రెండూ చెప్పుకోదగ్గ పాళ్లలో ఉండాలి, వేడి ఆ పాళ్లను జరపాలి. గది ఉష్ణోగ్రతలో మీ మయోగ్లోబిన్ పూర్తిగా ముడుచుకునే ఉంటుంది, పది డిగ్రీలు పెంచినా చలించదు. మీకు కదలికని మొదలుపెట్టే మీట ముందే ఉంది కదా, బంధాన్ని తెంచే ఆ లేజర్ పల్స్. కావలసింది రెండో కుప్ప. అందులోనూ మీ సమయానికి, అంటే వంద నానోసెకండ్ల నుంచి పది మైక్రోసెకండ్ల లోపుకి, ఆ వేడిని శబ్దంగా వినే ఫోటోఅకౌస్టిక్కే సరైనది.

పాలపిట్ట
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి, నేను ఎమ్మెస్సీ మొదటి ఏడాది. నీటిని అంత హఠాత్తుగా వేడి చేస్తే ప్రొటీన్ ఉడికిపోదా?

లేజర్ గది
ఉడకదమ్మా. వేడెక్కేది లేజర్ పడిన చిన్న చోటు మాత్రమే. ఆ వేడి కొన్ని మిల్లీసెకండ్లలో చుట్టూ ఉన్న గాజుకి, నీటికి పాకి చల్లారిపోతుంది. ప్రొటీన్లు గుంపుకట్టి ముద్దలవడానికి అంత కొద్ది సమయం చాలదు. తర్వాతి పల్స్ వచ్చేసరికి శాంపిల్ మళ్లీ మొదటి ఉష్ణోగ్రతకి వచ్చేసి ఉంటుంది. వేల పల్స్‌ల సగటు తీసేది అందుకే. అయితే ఈ చల్లారడం వల్లే టెంపరేచర్ జంప్‌కి ఒక హద్దు ఉంది: కొన్ని మిల్లీసెకండ్లు దాటి జరిగేవాటిని అది నమ్మకంగా చూపలేదు.

అణుచిత్రం
టెంపరేచర్ జంప్‌ని అంత తొందరగా పక్కన పెట్టేయకండి సర్, మా సిమ్యులేషన్ వాళ్లకి అది ప్రాణం. 20 అమైనో ఆమ్లాలే ఉన్న ట్రిప్ కేజ్ అనే బుల్లి ప్రొటీన్ దాదాపు 4 మైక్రోసెకండ్లలో ముడుచుకుంటుందని 2002లో ఈ పద్ధతితోనే తేలింది. మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో విలియం ఈటన్ బృందం విలిన్ ప్రొటీన్‌లోని 35 అమైనో ఆమ్లాల ముక్కకి కూడా నాలుగైదు మైక్రోసెకండ్లే పడుతుందని చూపింది. వాళ్లు 2004లో ఒక అంచనా కూడా ఇచ్చారు: ఒక ప్రొటీన్‌లోని అమైనో ఆమ్లాల సంఖ్యని వందతో భాగిస్తే ఎంత వస్తే అన్ని మైక్రోసెకండ్లు దాని వేగానికి హద్దు. విలిన్ ముక్కకి ఆ హద్దు 0.35 మైక్రోసెకండ్లు. అంటే ఇంకా పది రెట్లు వేగంగా ముడుచుకునే వీలుంది.

2011లో డి.ఇ. షా రీసెర్చ్ వాళ్లు తమ ప్రత్యేక కంప్యూటర్ మీద 12 వేగవంతమైన ప్రొటీన్లు ముడుచుకోవడం, విప్పుకోవడం పదే పదే చూపించగలిగారు. ఆ ఫలితాలు నమ్మదగినవా కావా అని తేల్చుకోవడానికి పక్కన పెట్టి చూసుకున్నది ఈ లేజర్ ప్రయోగాల వేగాలనే.

లేజర్ గది
ఒప్పుకుంటాను. పద్ధతి గొప్పదే, ఈ ప్రశ్నకి మాత్రం కాదు.

ఇంటర్ కెమిస్ట్రీ
రిటైరైన లెక్చరర్‌ని. చర్చ ఆసక్తిగా ఉంది, ఒక సందేహం. ప్రొటీన్ వదిలే వేడికి నీరు వ్యాకోచిస్తుంది, ఆ వ్యాకోచం శబ్దతరంగంగా పోతుంది, దాన్ని మైక్రోఫోన్ లాంటి పీజో స్ఫటికం పట్టుకుంటుంది. ఇంతవరకు అర్థమైంది. గ్రాహంబెల్ 1880లో ఆగి ఆగి పడే కాంతికి వస్తువులు శబ్దం చేస్తాయని గమనించిన సంగతే ఇది. కానీ ప్రొటీన్ ఆకారం మారితే దాని ఘనపరిమాణం కూడా మారుతుంది కదా? అదీ నీటిని తోస్తుంది, అదీ శబ్దమే. పీజోకి రెండూ ఒకటే. ఇందులో వేడి వాటా ఎంత, ఆకారం వాటా ఎంత అని ఎలా విడదీస్తారు?

లేజర్ గది
సర్, ఈ పద్ధతికి ఆయువుపట్టు మీరడిగిందే. కాస్త వివరంగా రాస్తాను, వేకువ గారికీ ఇదే ముఖ్యం.

532 నానోమీటర్ల ఫోటాన్లు ఒక మోల్ అంటే 225 కిలోజౌళ్లు. అదంతా వేడిగా మారితే 25 డిగ్రీల నీటిలో వచ్చే వ్యాకోచం మోల్‌కి సుమారు 14 మిల్లీలీటర్లు. ప్రొటీన్ ఆకారం మారినప్పుడు వచ్చే తేడా కూడా మోల్‌కి కొన్ని మిల్లీలీటర్ల నుంచి పది, ఇరవై దాకా ఉంటుంది. అంటే రెండూ దాదాపు ఒకే సైజువి, ఒకదాన్ని చిన్నదని వదిలేయడానికి వీల్లేదు.

ఇక్కడ నీటి స్వభావమే మనల్ని ఆదుకుంటుంది. 4 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత గరిష్ఠం. అది మీరు క్లాసులో ఎన్నోసార్లు చెప్పే ఉంటారు. ఆ ఉష్ణోగ్రత దగ్గర కాస్త వేడి చేసినా నీరు వ్యాకోచించదు, సంకోచించదు. అంటే అక్కడ వేడికి శబ్దం రాదు. శాంపిల్‌ని ఆ ఉష్ణోగ్రతలో పెట్టి లేజర్ కొడితే పీజోకి చేరే సిగ్నల్ అంతా ఆకారం మార్పుదే. నాకు ఈ మొత్తం రంగంలో అన్నిటికంటే నచ్చేది ఇదే: ఖరీదైన పరికరం ఏదీ లేకుండా, ఉష్ణోగ్రత మార్చి రెండు విషయాల్ని విడదీయడం.

ఆచరణలో ఒక్క ఉష్ణోగ్రతతో ఆగరు. 5 నుంచి 35 డిగ్రీల దాకా కొన్ని ఉష్ణోగ్రతల దగ్గర కొలుస్తారు. పక్కన ఒక రిఫరెన్స్ పెట్టుకుంటారు: పీల్చుకున్న కాంతినంతా వెంటనే వేడిగా వదిలేసే, ఆకారం మారని రంగు పదార్థం. బ్రోమోక్రెసాల్ పర్పుల్ లాంటివి వాడతారు. శాంపిల్ సిగ్నల్‌ని రిఫరెన్స్ సిగ్నల్‌తో భాగించి, ఫోటాన్ శక్తితో గుణిస్తారు. ఆ విలువని నీటి వ్యాకోచ గుణకం, ఉష్ణధారణ, సాంద్రతల నిష్పత్తికి ఎదురుగా గ్రాఫ్ గీస్తే సరళరేఖ వస్తుంది. ఒక దాని నుంచి వదిలిన వేడి, ఇంకొక దాని నుంచి ఘనపరిమాణం మార్పు వస్తాయి, అంటే రేఖ వాలు ఒకటిస్తే ఖండన బిందువు ఇంకొకటిస్తుంది. ఏది ఏదన్నది మీరు అక్షాల్ని ఎలా పెట్టుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఎంత చిన్న సిగ్నల్ వింటున్నామో కూడా చెప్తాను. 20 మైక్రోజౌళ్ల శక్తి 0.1 మిల్లీలీటరు నీటిలో పడిందనుకోండి. ఉష్ణోగ్రత పెరిగేది 0.00005 డిగ్రీలు. నీటి వ్యాకోచం పది కోట్ల వంతుల్లో ఒక వంతు. పీజో ఆ మాత్రాన్ని కూడా శుభ్రంగా పట్టుకుంటుంది.

ఇంటర్ కెమిస్ట్రీ
4 డిగ్రీల సంగతి ఏళ్ల తరబడి చెప్పాను, చలికాలంలో సరస్సుల్లో చేపలు ఎలా బతుకుతాయో వివరించడానికి. దాన్ని ప్రొటీన్ కొలవడానికి వాడతారని ఇవాళే తెలిసింది. ధన్యవాదాలు.

వేకువ
సర్, చాలా స్పష్టంగా ఉంది. ఇంకో మాట. నానోసెకండ్లలో జరిగింది, మైక్రోసెకండులో జరిగింది విడివిడిగా ఎలా తెలుస్తాయి? శబ్దం ఒక్కటే కదా వచ్చేది.

లేజర్ గది
తరంగం రూపం మారుతుంది. రిఫరెన్స్ నుంచి వచ్చే తరంగం పరికరం సహజంగా చూపే స్పందన. మీ శాంపిల్‌లో కొంత వేడి, కొంత వ్యాకోచం 700 నానోసెకండ్లు ఆలస్యంగా వస్తే తరంగం కాస్త పక్కకి జరుగుతుంది, ఎత్తు కూడా మారుతుంది. ఎన్ని దశలు, ఒక్కొక్క దానికి ఎంత కాలం, ఎంత ఎత్తు అని డీకన్వల్యూషన్ చేసి లెక్క కడతారు. 1 మెగాహెర్ట్జ్ పీజోతో సుమారు 50 నానోసెకండ్లకంటే వేగంగా జరిగేవన్నీ ఒకే దశగా కలిసిపోతాయి. పది మైక్రోసెకండ్లు దాటినవాటిని పీజో అసలు వినదు. ఆ తర్వాతి కాలానికి బీమ్ డిఫ్లెక్షన్ ఉంది: వేడి వల్ల, వ్యాకోచం వల్ల నీటి వక్రీభవన గుణకం మారి పక్కనుంచి పోయే లేజర్ కిరణం కొంచెం వంగుతుంది, ఆ వంపుని కొలుస్తారు.

700 అన్నది ఊరికే అన్న సంఖ్య కాదు. స్పెర్మ్ వేల్ మయోగ్లోబిన్‌లో కెవిన్ పీటర్స్ బృందం ఫోటోఅకౌస్టిక్‌తో చూసిన దశ 20 డిగ్రీల దగ్గర దాదాపు అంతే. కార్బన్ మోనాక్సైడ్ ప్రొటీన్ లోపలి నుంచి బయటి నీటిలోకి వెళ్లే సమయం అది. మీ శోషణ గ్రాఫ్ గీతలాగా ఉన్న చోటే.

అణుచిత్రం
ఇక్కడ నాకు గట్టి అభ్యంతరం ఉంది. సరే, మోల్‌కి 10 మిల్లీలీటర్లు అని వచ్చింది. ఒక అణువుకి లెక్క కడితే 17 ఘనపు ఆంగ్‌స్ట్రాంలు, నీటి అణువు ఆక్రమించే చోటులో సగానికి కాస్త ఎక్కువ. దాన్ని చూసి ప్రొటీన్‌లో ఏ హెలిక్స్ (మెలి తిరిగిన భాగం) కదిలిందో, ఏ ద్వారం తెరుచుకుందో చెప్పేస్తున్నారు. నెలాఖరుకి వచ్చిన కరెంటు బిల్లు చూసి ఏ గదిలో ఫ్యాన్ ఎంతసేపు తిరిగిందో చెప్పినట్టు ఉంటుంది. ఈ రంగంలో చాలా పేపర్లు ఆ ఒక్క సంఖ్య మీద పెద్ద కథలు కడతాయి.

దూరతీరం
మీ అభ్యంతరంలో న్యాయం ఉంది అన్నా. ఇంకొకటి కలుపుతాను: సంకోచం కనబడగానే ప్రొటీన్ కుంచించుకుపోయిందని రాసేస్తారు. చాలాసార్లు కుంచించుకునేది ప్రొటీన్ కాదు, దాని చుట్టూ ఉన్న నీరు. ఒక సాల్ట్ బ్రిడ్జి (వ్యతిరేక చార్జీల మధ్య బంధం) తెగి రెండు చార్జీలు నీటిలోకి బయటపడితే, నీటి అణువులు వాటి చుట్టూ దగ్గరగా సర్దుకుంటాయి, మొత్తం ఘనపరిమాణం తగ్గుతుంది. దీన్ని ఎలక్ట్రోస్ట్రిక్షన్ అంటారు. ప్రొటీన్ వెన్నెముక కదలకపోయినా ఇది జరగొచ్చు.

కానీ ఆ ఒక్క సంఖ్యని అర్థవంతంగా చేసే దారి ఉంది, మ్యూటేషన్, అంటే ప్రొటీన్‌లో ఒక అమైనో ఆమ్లాన్ని మార్చడం. 1990లో పీటర్స్ బృందం స్లైగర్ బృందంతో కలిసి చేసింది అదే. స్పెర్మ్ వేల్ మయోగ్లోబిన్‌లో 45వ స్థానంలోని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం హీమ్‌కి వేలాడే ఆమ్ల తోకతో సాల్ట్ బ్రిడ్జి కడుతుంది. ఆ ఆర్జినిన్‌ని మార్చి, మళ్లీ అదే ప్రయోగం చేసి, సిగ్నల్‌లో ఏ భాగం ఆ బ్రిడ్జిదో చూశారు. ఒక్క కొలత కాకుండా తేడా చెప్తుంది కాబట్టి అక్కడ కథ నిలబడుతుంది.

అణుచిత్రం
మ్యూటెంట్‌తో కలిపి ఇస్తే నేనూ ఒప్పుకుంటాను. మా సిమ్యులేషన్‌కి కూడా అలాంటి జతలే కావాలి.

దూరతీరం
వేకువ గారూ, ట్రాన్సియెంట్ గ్రేటింగ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రెండు మాటలు. నా సొంత పని ఇందులోనే.

రెండు లేజర్ కిరణాల్ని శాంపిల్‌లో కలిపితే వెలుగు, చీకటి చారలు పడతాయి. వెలుగు చారల్లో ఉన్న ప్రొటీన్లు మాత్రమే మారతాయి. అక్కడ వేడి, ఘనపరిమాణం, కాంతిని పీల్చే గుణం తేడాగా ఉంటాయి, ఆ చారలే గ్రేటింగ్‌లా పని చేసి మూడో కిరణాన్ని పక్కకి మళ్లిస్తాయి. ఆ మళ్లిన కాంతి ఎంతసేపు నిలుస్తుందో కొలుస్తాం. వేడి చారల మధ్య త్వరగా పాకి చెరిగిపోతుంది. ప్రొటీన్లు పెద్దవి కాబట్టి వాటి చారలు మిల్లీసెకండ్లు, సెకండ్ల దాకా మిగులుతాయి, ఆ అణువులు వ్యాపించేకొద్దీ చెరిగిపోతాయి. అంటే వ్యాపన గుణకం కూడా దొరుకుతుంది, అదీ ప్రతి క్షణంలో ఎంతో!

ఇది ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణ. మొక్కలు నీలికాంతిని ఫోటోట్రోపిన్ అనే ప్రొటీన్‌తో పసిగడతాయి. అందులో లవ్2 అనే భాగంలో ఫ్లేవిన్ అనే రంగు అణువు ఉంటుంది. కాంతి పడగానే ఫ్లేవిన్‌కీ ప్రొటీన్‌లోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికీ బంధం ఏర్పడుతుంది, అది మైక్రోసెకండ్లలో రంగు మార్పుగా కనిపిస్తుంది. ఆ తర్వాత రంగులో మార్పేమీ లేదు. కానీ క్యోటో విశ్వవిద్యాలయంలో మసాహిదే టెరాజిమా బృందం గ్రేటింగ్ పెట్టి చూస్తే, ఒక మిల్లీసెకండు అటూ ఇటూగా ప్రొటీన్ వ్యాపించే వేగం తగ్గింది. ఫ్లేవిన్‌కి దూరంగా ఉన్న లింకర్ హెలిక్స్ విప్పుకుని నీటి రాపిడి పెరిగింది. మొక్కకి సందేశం వెళ్లేది ఆ విప్పుకోవడం వల్లే. మీ గైడ్ చెప్పినట్టు గీత కింద జరిగేది అదే.

పాలపిట్ట
మరి రంగే లేని ప్రొటీన్లని, హీమ్, ఫ్లేవిన్ ఏమీ లేనివాటిని, రెండో కుప్ప పద్ధతులతో చూడలేమా?

దూరతీరం
చూడొచ్చు చెల్లీ. ప్రొటీన్‌తో పాటు కాంతికి విడిపోయే ఒక చిన్న అణువుని కలుపుతారు. ఆర్థో నైట్రోబెంజాల్డిహైడ్ మీద 355 నానోమీటర్ల పల్స్ పడితే నానోసెకండ్లలో ప్రోటాన్ వదులుతుంది, పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది, పీహెచ్‌కి స్పందించే ప్రొటీన్ ఆకారం మార్చుకోవడం మొదలుపెడుతుంది. కాల్షియం కావలసిన కాల్మోడ్యులిన్ లాంటివాటికి డీఎం నైట్రోఫెన్ అనే అణువు కాల్షియాన్ని పట్టుకుని ఉంచి, కాంతి పడగానే వదిలేస్తుంది. కాకపోతే ఆ చిన్న అణువు విడిపోవడానికి కూడా సొంత వేడి, సొంత ఘనపరిమాణం మార్పు ఉంటాయి. ప్రొటీన్ లేకుండా దాన్ని ఒక్కదాన్నే కొలిచి తీసేయాలి, ఈ మెట్టు వదిలేస్తే వచ్చిన సంఖ్యకి అర్థం లేదు.

వేకువ
అందరికీ ధన్యవాదాలు. ఫోటోఅకౌస్టిక్‌తోనే మొదలుపెడదామనుకుంటున్నాను. మార్కెట్లో సులభంగా దొరికేది గుర్రం గుండె మయోగ్లోబిన్. అందులో 45వ స్థానంలో ఆర్జినిన్‌కి బదులు లైసిన్ ఉంటుంది. దానితో మొదలుపెట్టి స్పెర్మ్ వేల్‌తో పోలిస్తే మ్యూటెంట్ లాంటి పోలిక కొంతైనా దొరుకుతుందా? శాంపిల్ తయారీలో ఏవి చూసుకోవాలి?

లేజర్ గది
పోలిక మొదలుపెట్టడానికి బాగుంటుంది. కానీ రెండు జంతువుల ప్రొటీన్లలో 45 ఒక్కటే కాదు, ఇంకా చాలా చోట్ల తేడాలున్నాయి. తేడా అంతా ఆ ఒక్క స్థానానికి అంటగట్టకండి. చివరికి నిజమైన మ్యూటెంట్ కావాలి.

శాంపిల్ సంగతి. 532 దగ్గరే ఉండండి. హీమ్‌ని రెడ్యూస్ చేయడానికి సోడియం డైథయొనైట్ వేస్తారు కదా, అది అతినీలలోహితంలో కాంతి పీలుస్తుంది, 355కి వెళ్తే దాని తోక అడ్డుపడొచ్చు. రెండు మూడు పదుల మైక్రోమోలార్ ప్రొటీన్ ఉంటే 532 దగ్గర చాలినంత శోషణ వస్తుంది. రిఫరెన్స్ శోషణ శాంపిల్ శోషణకి ఒకటి రెండు శాతం లోపు తేడాతో సరిపోవాలి, అదీ లేజర్ తరంగదైర్ఘ్యం దగ్గరే. రిఫరెన్స్‌ని మంచినీళ్లలో కాకుండా అదే బఫర్‌లో, అదే ఉప్పుతో చేయండి, ఎందుకంటే ఉప్పు కలిస్తే సాంద్రత గరిష్ఠమయ్యే ఉష్ణోగ్రత 4 డిగ్రీల కంటే కిందికి జారుతుంది. ఒక జాగ్రత్త: డైథయొనైట్ కొన్ని రంగుల్ని వెలిసిపోయేలా చేస్తుంది, రిఫరెన్స్‌లో అది వేసేముందు స్పెక్ట్రం తీసి చూసుకోండి.

లేజర్ శక్తిని తగ్గిస్తూ పెంచుతూ సిగ్నల్ సరళరేఖలో పెరుగుతోందా అని ముందే చూడండి. వంగితే ఒక అణువు రెండు ఫోటాన్లు పీలుస్తోందని అర్థం, అప్పుడు లెక్కలన్నీ తప్పుతాయి. ఇక కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు, వాసన ఉండదు. ఫ్యూమ్ హుడ్‌లోనే, డిటెక్టర్ పక్కన పెట్టుకునే పని చేయండి. ఇందులో మాత్రం రాజీ పడకండి.

వేకువ
తప్పకుండా సర్. చివరి ప్రశ్న. 5 డిగ్రీల దగ్గర క్యువెట్ (శాంపిల్ పోసే చిన్న పాత్ర) బయట తేమ పడుతోంది, కిరణం చెల్లాచెదురవుతోంది. అంత చల్లబరచకుండానే వేడి సిగ్నల్ సున్నా అయ్యే చోటుని చేరే మార్గం ఏమైనా ఉందా?

దూరతీరం
రెండు మార్గాలు. మొదటిది, సెల్ హోల్డర్ చుట్టూ పొడి నైట్రోజన్ వదలండి, తేమ పడదు. రెండోది భారజలం. దాని సాంద్రత గరిష్ఠమయ్యేది సుమారు 11 డిగ్రీల దగ్గర, కాబట్టి వేడి సిగ్నల్ మాయమయ్యే ఉష్ణోగ్రత అక్కడికి జరుగుతుంది. కాకపోతే భారజలంలో ప్రొటీన్ హైడ్రోజన్లు మారిపోతాయి, వేగాలు కూడా కొంత మారొచ్చు, మామూలు నీటి ఫలితాలతో కలిపి ఒకే గ్రాఫ్ మీద పెట్టకూడదు. నేనైతే ముందు నైట్రోజన్‌తోనే ప్రయత్నిస్తాను, భారజలాన్ని సరిచూసుకోవడానికి విడిగా వాడతాను.

లేజర్ గది
అదే సరైన వరుస. నైట్రోజన్ పైపుని క్యువెట్ కిటికీల వైపు పెట్టండి, పీజో వైపు కాదు. గాలి తగిలితే దాని ఉష్ణోగ్రత ఊగి బేస్‌లైన్ కదులుతుంది. ప్రతి ఉష్ణోగ్రతకీ శాంపిల్, రిఫరెన్స్ వెంటవెంటనే కొలవండి, క్యువెట్ తీసి మళ్లీ పెట్టేటప్పుడు ఒకే గుర్తు దగ్గర కూర్చోబెట్టండి. మొదటి గ్రాఫ్ వచ్చాక ఇక్కడే పెట్టండి, సరళరేఖ వస్తోందో లేదో అందరం చూద్దాం.